మోత

ముందు మీరొక పని చెయ్యండి.
బొటనవేలు చెవిలో పెట్టుకుని
పిడికిలి గట్టిగా బిగించండి.
ఫ్యాను ఆపేసి వినండి.

వినబడిందా?
ఎక్కడో బైపాస్ మీద లోడు లారీ పోతున్నట్టు
ఒక బొంగురు శబ్దం.
అది మీరే.

ఆ శబ్దాన్ని గీతగా దింపుకుందామని
ఏప్రిల్ ఎండలో గుంటూరు మిర్చియార్డుకి పోయాను,
లాప్‌టాపూ, చింతగింజంత సెన్సరూ, ప్లాస్టర్ చుట్టా పట్టుకుని.
చుట్టుగుంట దాటకముందే మొదలైన తుమ్ములు
గేటు లోపల లెక్క తప్పాయి.
కళ్ళు తుడుచుకుంటే ఇంకా మండాయి.
"కొత్తా? చేత్తో కాదు మేడమ్, మోచేత్తో తుడుచుకో," అన్నాడొకతను.

అతనే నాగూర్. హమాలీ.
తేజ రకం టిక్కీలు, ఒక్కోటీ నలభై కిలోల పైమాటే.
జబ్బ మీద సెన్సర్ అంటిస్తుంటే చక్కిలిగిలికి నవ్వాడు.
చెమటా కారమూ పట్టిన చర్మం మీద
ప్లాస్టర్ మూడుసార్లు ఊడింది.
నాలుగోసారి మేస్త్రీ కొట్టులోంచి సుతిలి తాడిచ్చాడు.

కండ ఒక్కసారిగా లాగదు.
వేల పోగులు, గుంపులు గుంపులుగా
వంతులేసుకుని లాగుతాయి,
ఒక గుంపు గుంజి వదిలేలోపు ఇంకో గుంపు అందుకుంటుంది,
లారీ దించే ముఠాలాగే.
గుంజిన ప్రతిసారీ కండ పక్కకి పిసరంత ఉబ్బి తగ్గుతుంది.
చర్మం కింద చిన్న డప్పు,
సెకనుకి ఇరవై, పాతిక దెబ్బలు.
మనం కదలకుండా నిలబడటమంటే
లోపల ఎవరూ నిలబడకపోవడమే.

పావు బస్తాకి గీత వణికింది.
సగానికి పొంగింది.
నిండు టిక్కీ ఎత్తగానే
పడిపోయింది, సన్నగా, దాదాపు చదునుగా.
సెన్సర్ ఊడిందనుకున్నాను.
సుతిలి సరిచూశాను, వైరు ఊపాను,
ఇంకోసారి ఎత్తమన్నాను. పాపం, ఎత్తాడు.
మళ్ళీ అదే.

అప్పుడు గుర్తొచ్చింది,
పుస్తకంలో ఒక పేజీ అడుగున
చిన్నక్షరాల్లో చదివి వదిలేసిన సంగతి.
పోగులన్నీ పనిలోకి దిగి, వంతుకీ వంతుకీ సందు లేకపోతే
కండకి సడలే తీరిక ఉండదు.
దెబ్బలు ఒకదాంట్లో ఒకటి కరిగి
ఒకటే బిగువవుతాయి.
అసలు బరువు దగ్గర
చప్పుడు తక్కువ.

మధ్యాహ్నం, నూట పన్నెండో టిక్కీకి
గీత ఇంకో తీరుగా మారింది.
దెబ్బలు నెమ్మదించాయి,
దూరం దూరంగా, పెద్ద పెద్ద అలలు.
"అలిసిపోయావు నాగూర్," అన్నాను స్క్రీన్ చూస్తూ.
తలెత్తేసరికి
టిక్కీ దించి దాని మీదే కూర్చుని ఉన్నాడు.

"నాకెట్టా తెలిసిందో చెప్పనా?"
చెయ్యి తల మీదికెత్తి, జబ్బ చెవికి ఆనించి చూపించాడు,
బస్తా మోసేటప్పుడు పెట్టినట్టే.
"ఇట్టా పెడితే చెవిలో ఒక మోత వస్తది.
పొద్దున తుమ్మెద.
మజ్జానానికి డీజిలు ఆటో.
ఆటో అయిందంటే ఇంక చాలు, దించేస్తా.
మొదట్లో కాయలే లోపల గలగలమంటన్నాయనుకున్నా.
ఓ రోజు ఉత్త చెయ్యి బిగించి చూశా.
కాయలు లేవు. మోత ఉంది."

మోత.
మోసేదీ మోతే, మోగేదీ మోతే.
నేను రాయబోయే సిద్ధాంతగ్రంథం పేరు
రెండు లైన్ల పొడుగు.
తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది.

సుతిలి విప్పేటప్పుడు అడిగాడు,
"ఇదేమన్నా నొప్పి తగ్గిస్తదా?"
లేదన్నాను.
"పోన్లే," అని టీ తెప్పించాడు.
డబ్బులు నన్నివ్వనివ్వలేదు.

విజయవాడ బస్సులో సీటు దొరకలేదు.
పై కడ్డీ పట్టుకుని,
జబ్బ చెవికి ఆనించి నిలబడ్డాను.
బస్సుదేదో నాదేదో తెలియలేదు.
కాజ టోల్‌గేటు దగ్గర ముందు లారీలు ఆగిపోయి
డ్రైవరు ఇంజన్ ఆపాడు.

నాది ఆగలేదు.